ఒక ముడి ఎక్కువ

ఓడరేవు క్వార్టర్లు, మూడో అంతస్తు
సోమవారం

బావమరిదికి,

మేమిక్కడ క్షేమమని రాయమంటోంది మీ అక్క. క్షేమమైతే నీకెందుకు రాస్తాను? పన్నెండేళ్ళ తరవాత ఉత్తరం వచ్చిందంటే అవసరం పడిందని నువ్వే అర్థం చేసుకోవాలి.

నా కళ్ళలో పొర వచ్చింది. నువ్వు ఎలాగూ కనపడని దూరంలో ఉన్నావు కాబట్టి దానివల్ల పెద్ద నష్టం లేదు. చేతులు కూడా వణుకుతున్నాయి. అందుకని నేను చెప్తుంటే మీ అక్క రాస్తోంది. నీ జవాబు వచ్చినా తనే చదివి వినిపిస్తుంది. (ఒరే తమ్ముడూ, ఇలా బ్రాకెట్లో ఉన్నది నా సొంతం. ఆయనకి తెలీదు.)

విషయం ఏమిటంటే, సాయంత్రం అయ్యేసరికి మీ అక్క పాదం దిండులా ఉబ్బుతోంది. ఏ పాదమో నీకు చెప్పక్కర్లేదు. రోజూ మధ్యాహ్నం రెండు గంటలు కాళ్ళు గుండె కంటే ఎత్తులో పెట్టుకుని పడుకోవాలన్నాడు డాక్టరు. మంచం మీద దిండ్లు పేరిస్తే జారిపోతున్నాయి. వరండాలో బట్ట ఊయల కట్టి, కాళ్ళ వైపు తాడు పొట్టి చేస్తే సరిపోతుందని నేనే కనిపెట్టాను. (కింద ఇంటి నర్సు చెప్పింది.)

ఊయల బట్ట కొన్నాం. తాడు కూడా కొన్నాను. సింథటిక్ తాడు. పట్టుకుంటే సబ్బు ముక్కలా జారుతుంది, బలం మాత్రం ఇనుప తీగంత. నలభై ఏళ్ళు ఓడల తాళ్ళు అల్లినవాణ్ణి, నా వరండాలో ఊయలకి ఇంకొకణ్ణి బతిమాలుకోవాల్సి వచ్చింది. రేవులో నా కింద పనిచేసినవాళ్ళని పిలుస్తానంటే మీ అక్క వినదు. "మా తమ్ముడు చేసి పంపితేనే పడుకుంటా" అంటోంది. నువ్వు కట్టిన కట్టు ఏం చేసిందో పాదం మీద ఉంచుకుని మరీ ఈ మాట అంటోంది.

ఆ రోజు సంగతి ఇప్పుడు తవ్వను. ఇల్లు మారుతున్నాం, లారీ ఎక్కించిన బీరువాకి తాడు నేను తెచ్చాను, ఒక కొసకి నా చేత్తో కన్ను, అంటే ముడి లేని ఉంగరం, అల్లి కొక్కేనికి తగిలించాను, రెండో కొస కట్టడం ఒక్కటే నీ పని, ఆ ఒక్కటీ జారి బీరువా మీ అక్క పాదం మీద పడింది. తవ్వనన్నాను కాబట్టి ఇక్కడితో ఆపుతున్నాను.

తాడు రెండు ముక్కలు పార్సిల్ చేశాను. ముడి మాత్రం వెయ్యకు. ఈ జాతి తాడు మీద ముడి నిలవదు. ఆ రోజు కూడా చెప్పాను.

మీ బావ


లారీ షెడ్డు వెనక గది
శనివారం

బావగారికి నమస్కారాలు.

తాడు అందింది.

ముడి వెయ్యొద్దన్నారు. వేశాను. లారీ లోడుకి వేసే ముడే. దాని మీద ఎప్పుడూ ఇంకొకటి వేస్తాను. ఈసారి వెయ్యలేదు. మీరు నవ్వుతారని.

ఒక కొస కిటికీ ఊచకి, ఒక కొస గుమ్మం కొక్కేనికి కట్టి మధ్యలో దుప్పటి వేసి కూర్చున్నాను. చేతిలో టీ గ్లాసు ఉంది. ముడి నెమ్మదిగా జారింది. నేను చూస్తూనే ఉన్నాను. లేచే టైం ఉంది కానీ లేవలేదు. ఎందుకో తెలీదు.

గ్లాసు పగల్లేదు. పక్క గది ఇస్త్రీ ఆవిడ చూసింది. "తాతా, లారీలు కూడా ఇలాగే కట్టావా?" అంది.

అక్క పాదం ఎలా ఉంది?

ఎలా చెయ్యాలో రాయండి.

మీ బావమరిది


ఓడరేవు క్వార్టర్లు
బుధవారం

బావమరిదికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను. నేను నవ్వి చాలా రోజులైంది. ఆ ఇస్త్రీ ఆవిడకి నా నమస్కారాలు చెప్పు. తెలివైన మనిషి.

ఇక విను. ఆ తాడు పన్నెండు పాయలు జడలా అల్లింది. లోపల బోలు. రెండు చేతులతో దగ్గరికి తోస్తే గొట్టంలా నోరు తెరుస్తుంది. సన్నటి ఇనుప తీగని మడిచి సూదిలా చేసుకుని, తాడు కొసని అదే తాడు కడుపులోకి దూర్చాలి. బరువు పడగానే బయటి తాడు సన్నబడి లోపలిదాన్ని పిసికి పట్టుకుంటుంది. ఎంత లాగితే అంత పట్టు. ముడి అక్కర్లేదు. ముడులు వేసేవాళ్ళూ అక్కర్లేదు.

ఎంత దూర్చాలి? తాడు లావుకి డెబ్బై రెండు రెట్లు. ఇది సన్నది కాబట్టి జానెడు చాలు. అదే చిటికెనవేలు లావు తాడైతే రెండు మూరలు పోవాలి. దూర్చే ముందు ఎర్ర సిరాతో గుర్తు పెట్టు, ఎక్కడి దాకా లోపలికి పోవాలో. గుర్తు పెట్టనివాడు పనివాడే కాదు. నా ఎర్ర గుర్తు లేకుండా ఒక్క తాడు రేవు దాటలేదు. కొసని మొద్దుగా వదలకు. ఒక్కో పాయా కొంచెం కొంచెం దూరంలో కత్తిరించి ఎలక తోకలా సన్నం చెయ్యి. దూర్చాక, చొక్కా చెయ్యి ముడతలు లాగినట్టు నిమిరి లాగు. ఆఖరికి దారంతో అడ్డంగా నాలుగు కుట్లు. బరువు లేనప్పుడు తాడు వదులవుతుంది, కుదుపుకి కొస బయటికి పాకుతుంది. అందుకే కుట్టు. కుట్టు వెయ్యకుండా వదిలేసే వెధవలూ ఉంటారు. (వెధవలు అన్నది ఆయనే. ఒక్క అక్షరం మార్చలేదు.)

ఇలా ముందు కన్ను చెయ్యి. అది ఊయల బట్టకి. తరవాత మిగతా తాడుని తన కడుపులోంచి తనే జానెడు దూరి బయటికి వచ్చేలా చేస్తే పెద్ద ఉచ్చు అవుతుంది. అది గోడ కొక్కేనికి. బయటికి వచ్చిన కొస లాగితే పొట్టి. దూరిన చోట వేళ్ళతో వదులు చేసి జరిపితే పొడుగు.

ఇంకొక్క మాట. పని అయిపోయాక మీద ఇంకో ముడి వేసే జబ్బు నీది. సంచి కట్టినా అంతే, చెప్పులు కట్టినా అంతే. నోటికి కూడా ఒకటి ఎక్కువే వేసుకున్నావు. ఆ జబ్బు ఈ తాడు మీద చూపించకు.

మీ బావ


లారీ షెడ్డు వెనక గది
గురువారం

బావగారికి నమస్కారాలు.

కన్ను వచ్చింది. మూడు రోజులు పట్టింది. తీగ వేలిలో దిగింది. మొదటిసారి దూర్చినప్పుడు మధ్యలో ఒక పాయ బయటే ఉండిపోయింది. విప్పి మళ్ళీ చేశాను.

కూర్చున్నాను. నిలిచింది. లేచి మళ్ళీ కూర్చున్నాను. ఇస్త్రీ ఆవిణ్ణి కూర్చోమన్నాను. "నాకు పిల్లలున్నారు తాతా" అంది.

ఉచ్చు కూడా చేశాను. కానీ పొట్టి కావట్లేదు, పొడుగూ కావట్లేదు. ఎంత లాగినా కదలదు.

రెండు చోట్లా కుట్టాను. మీరే కుట్టమన్నారు.

మీ బావమరిది


ఓడరేవు క్వార్టర్లు
మంగళవారం

బావమరిదికి,

రెండు చోట్లా కుట్టావా! తలుపు చేసి బిగించి, తెరుచుకోకుండా చుట్టూ మేకులు కొట్టావన్నమాట. ఇలాంటివాణ్ణి నలభై ఏళ్ళలో రేవులో చూడలేదు. నా పనివాళ్ళలో ఒకడు తన చొక్కానే తాడుతో కలిపి అల్లేశాడు. వాడు నీకంటే నయం.

కన్నుకి కుట్టు. ఉచ్చుకి కుట్టు లేదు. ఒకటి కదలకూడదు, ఒకటి కదలాలి. కదిలేది కూడా మనిషి కూర్చుంటే కదలదు. ఇంతకంటే తేలిగ్గా చెప్పడం నా వల్ల కాదు.

కుట్లు విప్పు. మంచి తాడు మీద ప్రయోగాలు చేసి పాడు చెయ్యకు. ముందు పాత తాడు ముక్క ఏదైనా తీసుకుని దాని మీద చెయ్యి తిప్పు. ముప్ఫై ఏళ్ళు లారీ షెడ్డులో లోడ్లు కట్టినవాడి దగ్గర పాత తాడు లేదంటే నేను నమ్మను.

మీ బావ

(పొడుగు ఉత్తరం రాయరా. నీది నేను కళ్ళజోడు పెట్టుకునేలోపే అయిపోతోంది. ఆయన పోస్టు వచ్చే వేళకి మెట్ల దగ్గర నిలబడుతున్నాడు. నీ ఉత్తరం కోసమని ఒప్పుకోడు. గాలికట.)


లారీ షెడ్డు వెనక గది
ఆదివారం

బావగారికి నమస్కారాలు.

అక్క పొడుగు ఉత్తరం రాయమంది. ప్రయత్నిస్తున్నాను.

కుట్లు విప్పాను. ఇప్పుడు ఉచ్చు జారుతోంది. కూర్చుంటే పట్టుకుంటోంది. మీరు చెప్పింది నిజం.

పాత తాడు నా దగ్గర ఒకటే ఉంది. మంచం కింద ట్రంకులో. ఆ రోజు అందరూ అక్కని తీసుకుని ఆస్పత్రికి పోయాక, లారీ డ్రైవరు నేను కట్టిన కొసని కొక్కెం మీంచి ఊడదీసి, తాడు మొత్తం చుట్ట చుట్టి నా చేతిలో పెట్టాడు. తెచ్చి ట్రంకులో పడేశాను. మళ్ళీ చూడబుద్ధి కాలేదు. మీరు పాత తాడు మీద నేర్చుకోమన్నారు కాబట్టి మొన్న తీశాను.

చిటికెనవేలు లావుంది.

ఒక సందేహం. పని నేర్చుకునేవాణ్ణి కదా, అడిగితే తప్పు లేదనుకుంటాను. చిటికెనవేలు లావు తాడుకి, ఎర్ర సిరా గుర్తు కొస నుంచి జానెడు దూరంలోనే ఉందనుకోండి. కొస మొద్దుగా ఉంది. సూది పోటు ఒక్కటీ లేదు. అలాంటి కన్ను లారీ కుదుపుకి నిలుస్తుందా?

రెండో కొసన ముడి ఉంది. దాని మీద ఇంకో ముడి ఉంది. విప్పి చూద్దామని ఉదయం నుంచి కూర్చున్నాను. రెండూ రాలేదు.

మీ బావమరిది


ఓడరేవు క్వార్టర్లు
గురువారం

ఒరే తమ్ముడూ,

ఇది అంతా నాదే, బ్రాకెట్లు అక్కర్లేదు.

నీ ఉత్తరం చదివి వినిపించాను. "జానెడు" అనే మాట దగ్గర ఆయన కళ్ళజోడు తుడవడం ఆపాడు. "రెండూ రాలేదు" దాకా చదివి తల ఎత్తితే కుర్చీ ఖాళీ. మూడంతస్తులు దిగి గేటు పక్కన పిట్టగోడ మీద కూర్చున్నాడు. ప్రతి ఉత్తరం మూడుసార్లు చదివించుకునే మనిషి, దీన్ని రెండోసారి చదవమనలేదు.

పైకి వచ్చాక టీ అడిగాడు. పెట్టాను. తాగలేదు. "జవాబు చెప్పు, రాస్తాను" అంటే "సిరా అయిపోయిందని రాయి" అన్నాడు. నేను రాసేది బాల్ పెన్నుతో.

రెండు మూరలు అన్న కొలత కూడా నా చేత్తోనే రాశాను కదరా. నాకు లెక్క రాదనుకుంటున్నారా మీ ఇద్దరూ? కానీ నేను అడగను. వచ్చేదేదో ఆయన నోటితోనే రానీ. నువ్వు మాత్రం చెప్పు, ఏం అడిగావు?

అక్క


లారీ షెడ్డు వెనక గది
సోమవారం

అక్కకి,

ఏం లేదు. కొలత అడిగాను.

సన్న తాళ్ళు రెండూ అయ్యాయి. ఇస్త్రీ ఆవిడ కూర్చుంది. పిల్లల్ని కూడా కూర్చోబెట్టింది. ఇప్పుడు దిగమంటే దిగట్లేదు.

తమ్ముడు


ఓడరేవు క్వార్టర్లు
శుక్రవారం

బావమరిదికి,

ఇది నేనే రాస్తున్నాను. గీత మీద గీత పడితే నీ ఖర్మ. మీ అక్క నర్సుని తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళింది. వచ్చేలోపు పోస్టులో వెయ్యాలి.

నిలవదు. నీ సందేహానికి జవాబు అదీ.

ఆ రోజు లారీవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. జానెడు దూర్చి, మిగతాది తరవాత అనుకున్నాను. ఎర్ర గుర్తు మాత్రం పెట్టాను. పనివాణ్ణి కదా. నవ్వుకో.

బీరువా పడగానే నేను మొదట చూసింది మీ అక్కని కాదు. తాడు కొసని. నేను అల్లిన కన్ను ఊడిపోయి ఉంది. తరవాత నీ మొహం చూశాను. ఎవరూ ఒక్క మాట అనకముందే నువ్వు తల దించేసుకున్నావు. నేను నోరు తెరవాల్సిన పని లేకుండా పోయింది. ఆ తరవాత తెరిచాను, "ముడి నిలవదని చెప్పానా లేదా" అని. అందరూ నమ్మారు. నువ్వే అందరికంటే ముందు నమ్మావు. ఒక్క మాట ఎదురు చెప్పి ఉంటే ఒప్పుకునేవాణ్ణేమో. చూశావా, ఇప్పుడు కూడా నీ మీదికే తోస్తున్నాను. అలవాటు.

మీ అక్కకి చెప్పాలి. ఇప్పటికి నాలుగుసార్లు మొదలుపెట్టాను. నాలుగుసార్లూ కాఫీలో చక్కెర తక్కువైందని చెప్పి లేచిపోయాను. ఇప్పుడు కాఫీ పాకంలా ఉంటోంది. అయినా నోరు రావట్లేదు.

నీ జవాబు నాకు చదివి వినిపించేది మీ అక్కే. అది గుర్తుంచుకుని రాయి. గుర్తుంచుకుని ఏం రాస్తావో నీ ఇష్టం.

మీ బావ


లారీ షెడ్డు వెనక గది
బుధవారం

బావగారికి నమస్కారాలు.

తాళ్ళు రెండూ పంపుతున్నాను. కన్నుకి కుట్టు ఉంది. ఉచ్చుకి లేదు. ఉచ్చులోంచి బయటికి వచ్చే కొసకి, చిట్టచివర ఒక ముడి వేశాను. పొరపాటున ఎవరైనా మరీ వదులు చేస్తే కొస లోపలికి జారిపోకుండా. మీరు వద్దన్నారు. వేశాను.

పొట్లం అడుగున పాత తాడు కూడా ఉంది. అది మీది. ఒక కొసన ముడి, ఒక కొసన ఎర్ర గుర్తు. అదేమిటో అక్క అడుగుతుంది. నేను రాయను. మీరే చెప్పండి. మీకు మాటలు బాగా వచ్చు.

ఇంకొకటి కూడా చెప్పండి. ఆ రోజు తరవాత షెడ్డువాళ్ళు నన్ను లోడు కట్టొద్దనలేదు. నేనే మానేశాను. చెయ్యి తాడు మీదికి పోలేదు. గేటు దగ్గర కుర్చీ వేశారు. రిటైరయ్యేదాకా ఎనిమిదేళ్ళు అందులో కూర్చుని, వేరేవాళ్ళు కట్టిన లారీలు పోతుంటే చూశాను. కొన్ని కట్లు బాగుండేవి కాదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నేనెవణ్ణి అనుకున్నాను.

అదీ మీరే చెప్పండి. ఎనిమిదేళ్ళని అంకె వేసి చెప్పండి. మీరు కొలతలు తప్పరు కదా.

మీ బావమరిది


ఓడరేవు క్వార్టర్లు
సోమవారం

ఒరే తమ్ముడూ,

పొట్లం విప్పాను. ఉత్తరం చదివాను. సగం దాకా గట్టిగా, మిగతా సగం లోపల. ఆయన "పూర్తిగా చదువు" అన్నాడు. చదివాను.

అప్పుడు చెప్పాడు. పాత తాడు రెండు చేతుల్లో పట్టుకుని, ఎర్ర గుర్తు మీద బొటనవేలు పెట్టి చెప్పాడు. లారీ హారన్ దగ్గర మొదలుపెట్టి గేటు దగ్గర కుర్చీ దాకా. ఈసారి చక్కెర ప్రసక్తి రాలేదు. హారన్ దాకా నేనేమీ అనలేదు. కుర్చీ దగ్గర అన్నాను. ఏమన్నానో రాయను. కింద ఇంటి నర్సు తలుపు వేసుకుంది.

ఇప్పుడు నా సంగతి. నేను కూడా నమ్మానురా. పన్నెండేళ్ళు, పాదం సలిపినప్పుడల్లా నీ ముడే గుర్తొచ్చేది. "మా తమ్ముడు చేసి పంపితేనే పడుకుంటా" అన్నది ఎందుకనుకున్నావు? నిన్ను క్షమించానని చూపించడానికి! ఎంత పెద్ద మనసో చూడు నాది. చెయ్యని తప్పుకి క్షమించాను. అది తలుచుకుంటే ఆయన్ని తిట్టే నోరు సగం మూతపడుతోంది. పూర్తిగా పడట్లేదులే.

ఊయల కట్టాం. నర్సు కొడుకు నిచ్చెన తెచ్చి కొక్కేలు బిగించాడు. మీ బావ వేళ్ళతో తాళ్ళు రెండూ తడిమాడు. కన్ను తడిమి కుట్లు లెక్కపెట్టాడు. కొస దాకా పోయి నీ ముడి దగ్గర ఆగాడు. ఇప్పుడు ఏం కూస్తాడోనని చూస్తున్నాను. "ఉండనీ" అన్నాడు. అంతే.

ముందు ఎవరు పడుకోవాలన్న ప్రశ్న వచ్చింది. ఈ ఇంట్లో తాడు తెగితే నష్టపోవడం నా వంతు అయిపోయింది, ఇక మీ వంతన్నాను. ఎక్కాడు. చెప్పులు విడిచి మరీ ఎక్కాడు. అదీ వచ్చిన తంటా. ఎక్కినవాడు దిగట్లేదు. నీ పని మీద నమ్మకం చూపిస్తున్నాడట. రోజూ మధ్యాహ్నం రెండు గంటలు, గురక పెట్టి మరీ చూపిస్తున్నాడు. నేను పక్కన మంచం మీద దిండ్లు పేర్చుకుని చూస్తున్నాను.

పాత తాడుని వరండాలో మేకుకి తగిలించాడు, ఎర్ర గుర్తు అందరికీ కనపడేలా. అది నేను చెప్పలేదు, తనే. ఎవరైనా అదేమిటని అడిగితే మొత్తం చెప్పాలని తనకి తనే శిక్ష వేసుకున్నాడు. మొన్న కరెంటు మీటరు చూసేవాడు అడిగాడు. చెప్పాడు. అరగంట పట్టింది. పాపం, ఆ మనిషి మా మీటరు చూడకుండానే పోయాడు.

రా ఒకసారి. పన్నెండేళ్ళు చాలు.

అక్క

(ఇది నేను, మీ బావని. ఈ ఒక్క గీతా మీ అక్క రాయలేదు. చివరి ముడి బాగుంది.)


లారీ షెడ్డు వెనక గది
గురువారం

అక్కకి,

నిన్న షెడ్డుకి వెళ్ళాను. ఒక లారీ మీద కట్టు వదులుగా ఉంది. డ్రైవరుకి చెప్పాను. "నువ్వే కట్టు పెద్దాయనా" అన్నాడు. కట్టాను.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. నేను వచ్చేసరికి బావగారిని ఊయలలోంచి దించు. అది నీ కాలికి చేసింది.

దిగనంటే అలాగే ఉంచు. అందులోనే పెట్టి కట్టేస్తాను. ఒక ముడి ఎక్కువే వేస్తాను.

తమ్ముడు